అత్త గొంతు బావిలోకి దిగిన రోజు

మొన్న మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చితే, మా మనవరాలు వచ్చి నా చెవుల్లో రెండు తెల్లటి బుడిపెలు దూర్చింది. నాకీమధ్య నిద్ర సరిగ్గా పట్టడం లేదు. కాస్త కునుకు పట్టినా ఉలిక్కిపడి లేస్తున్నానని కుప్పంలో మా వీధి వీధంతా చెప్పుకున్నాను కాబట్టి తప్పు దానిది కాదు. "కండ్లు మూసుకోని ఆ మేడమ్ చెప్పినట్టు చెయ్యవ్వా, మైండ్ రిలాక్స్ అవుతాది" అంది. సరేనని విన్నాను. ముందు వాన చప్పుడు. తర్వాత వేణువు. ఆ తర్వాత ఒకామె పాఠం చదివినట్టు మొదలుపెట్టింది. మీరొక పచ్చని బాటలో నడుస్తున్నారు, మీకు ఏ భయమూ లేదు అని.

నాకు ఒళ్ళు మండింది. ఏ ఊరి బాట? దాని పక్కన ఏ చెట్టుంది? నేనెవరో ఎరగని మనిషి నాకు భయం లేదని ఎట్లా చెబుతుంది? బుడిపెలు పీకి దాని చేతిలో పెట్టేశాను. ఏమైందవ్వా అని అడిగితే ఏమీ కాలేదన్నాను. కానీ ఆ పూట ఇక కన్ను మూతపడలేదు. గొంతుతో ఒక మనిషిని పట్టుకోవడమంటే ఏమిటో నేను చిన్నప్పుడు కళ్ళారా చూశాను. అది చూసినదానికి ఈ వేణువులూ వానలూ ఎక్కడ ఆనతాయి.

మా పుట్టింటి ఊరు, పుంగనూరులో బస్సు దిగి, చెప్పులు చేత పట్టుకుని వంక దాటి, ఆ తర్వాత కూడా నడవాల్సిన ఊరు. ఇప్పుడక్కడ టమోటా క్రేట్లు ఎత్తుకుని మదనపల్లె మార్కెట్టుకు పోయే బండ్లు ఇంటి ముందరే నిలబడుతున్నాయి. అప్పుడున్నవి గొడ్లు, చెనిక్కాయ చేలు, పైన ఆకాశం. మా ఇంటికి నడిమధ్యన ఒక మట్టిగోడ. గోడకు ఇటు మేము, అటు మా మేనత్త. అత్త నాయన కంటే పెద్దది. పెళ్ళయిన కొన్నాళ్ళకే మొగుడు పోతే, అక్కడిచ్చిన రెండు పుంగనూరు ఆవులను తోలుకుని పుట్టింటికి వచ్చేసింది. మనిషి నడుము ఎత్తుండే పొట్టి ఆవులవి. అత్త కూడా పొట్టిదే. ముగ్గురూ వరసగా నడిచొస్తుంటే ఒక తల్లి బిడ్డల్లా ఉన్నారని ఊళ్ళో నవ్వేవాళ్ళు. అత్త కూడా నవ్వేది.

నాకు తెల్లవారేది కోడి కూతతో కాదు, గోడ అవతల అత్త గొంతుతో. పాలు పిండే ముందు ఆవు పక్కన కూర్చుని ముక్కులోంచి సన్నగా "ఊఁ... ఊఁ..." అని తీసేది. అది పాట కాదు, దానికొక తాళమూ లేదు. ఆవు ఊపిరి ఎట్లా ఆడుతుంటే అట్లా తీసేది. ఊపిరి తొందరగా ఉంటే తనూ తొందరగా మొదలుపెట్టి, మెల్లమెల్లగా సాగదీస్తూ పోయేది. కాసేపటికి ఆవు కూడా ఆ సాగుడుకు తగ్గట్టే ఊపిరి తీసేది. మధ్యలో మాటలు. వంకలో నీళ్ళు తాగితివి గదా, గుట్టకింద గరిక మేస్తివి గదా, ఎండకు నీడన పడుకుంటివి గదా అంటూ నిన్న అది చేసిందంతా దానికే చెప్పేది. ఆవు కళ్ళు సగం మూసుకుని వెనకకాళ్ళు ఎడంగా పెట్టేది. అప్పుడు పొదుగులోకి పాలు దిగేవి. దాన్నే చేపడం అంటారు.

దూడ చచ్చిపోతే ఆవు చేపదు. అందుకని ఆ దూడ తోలులో గడ్డి కూరి, తల్లి ముందర నిలబెట్టి, దాన్ని నమ్మించి పిండుకుంటారు. అత్తకు అది గిట్టేది కాదు. ఒక ఏడు ఎర్రావు దూడ పోయింది. అత్త తోలు ఒలవనీయలేదు. ఆవు మెడకు చెంప ఆనించి పూటపూటంతా కూర్చుంది. ఊరికే కూర్చున్నావేంది అత్తా అని నేనడిగితే, లేని దూడను ఉందని చెప్పకూడదు, పోయిందని దానికి తెలిసినాకే నిమ్మళం వస్తుంది అని చెప్పింది. కొన్నాళ్ళకు ఆవు ఆ గొంతుకే చేపింది, ముందర దూడా లేదు, బొమ్మా లేదు. ఊళ్ళో ఆడవాళ్ళు పని మానుకుని వచ్చి చూశారు.

ఈనిన ఆవు ముర్రుపాలతో అత్త వండే జున్ను రుచి మళ్ళీ నాకెక్కడా తగల్లేదు. బెల్లం, యాలకులు, నాలుగు మిరియపు గింజలు. గిన్నె అంచున అంటుకున్న గోధుమరంగు పొర నాకే. అత్త చేతులు ఎప్పుడూ పాలూ పేడా ఉలవలూ కలిసిన వాసన వేసేవి. ఆ చేత్తోనే సంగటి ముద్ద చేసి, మధ్యన గుంత నొక్కి ఊరిబిండి పచ్చడి పెట్టేది. మా అమ్మ గోడ ఇవతలినుంచి, నా కూతురికి నా ఇంట్లో తిండి లేనట్టు మేపుతోందని గొణిగేది. గొణుగుతూనే అత్తకు చింతచిగురు పప్పు పంపేది.

అంతా బాగానే ఉండేది, నాయనకు బావి పిచ్చి పట్టేదాకా.

ఇంటి వెనక మాకొక బీడు ఉండేది. తాతలనాటినుంచి గొడ్లకు వదిలేసిన గరిక నేల. వానలు మూడేండ్లుగా మోసం చేశాయి. నాయన ఆ బీడులో బావి తవ్వుతానన్నాడు. అది గొడ్ల నోటికాడి కూడు, ఇంకెక్కడన్నా తవ్వుకో అంది అత్త. ఇంకెక్కడుంది నేల, నీ తలకాయ మీద తవ్వేదా అన్నాడు నాయన. మాటా మాటా పెరిగింది. గడ్డపార నేలకు తగిలిన రోజునుంచి అక్కాతమ్ముళ్ళకు మాటలు పోయాయి. ఆ గుంతలోకి నేను తొంగి కూడా చూడను, ఆ నేల మీద కాలు కూడా పెట్టనని అత్త వీధిలో నిలబడి ఒట్టు పెట్టుకుంది.

అప్పటినుంచి వాళ్ళ మధ్య రాయబారం నాది. తవుడు ఉందేమో మీ నాయన్ను అడుగు, ఆవును కట్టేసుకోమని మీ అత్తకు చెప్పు, ఇట్లా. చేరవేసిన మాటకు అటు ఒక బెల్లంముక్క, ఇటు ఒక బెల్లంముక్క. ఈ తగవు ఇట్లాగే సాగితే బాగుండునని దేవుడికి మొక్కుకున్న దొంగముండను నేనొక్కదాన్నే అయుంటాను. కానీ మాటలు లేకపోయినా తెల్లవారుజామున అత్త ఆవును పిలిచేటప్పుడు నాయన గోడ ఇవతల మంచం మీద లేచి కూర్చుని వినేవాడు. అది నేను చూశాను.

ఎండాకాలం. బావి ఇంటి ఎత్తుకు రెండింతలు దిగింది. నీళ్ళు లేవు. అడుగున బండ పడితే మందు పెట్టి పేల్చారు. పేల్చినాక గోడల్లో వదులైన రాళ్ళన్నీ రాల్చేదాకా ఎవరూ దిగకూడదని బావి మేస్త్రి గట్టిగా చెప్పి భోజనానికి పోయాడు. నాయన గట్టున కూర్చుని, పేలుడుకు ఎగిరొచ్చి పడిన మట్టిని పిసికి చూస్తున్నాడు. మట్టి చేతికి చల్లగా తగిలిందట. చెమ్మ. మూడేండ్లు ఎండిన మనిషికి చెమ్మ కనబడితే ఇక మేస్త్రి మాట ఏం గుర్తుంటుంది. మోకు పట్టుకుని దిగిపోయాడు.

దిగిన కాసేపటికే ధబ్బుమని చప్పుడు. మేము పరుగెత్తాము. ఒక గుండురాయి జారి నాయన మోకాలి కింద కాలిని గోడకేసి అదిమేసింది. ఇంకా పైన, నాయన తలకు నేరుగా, ఇసుకమట్టిలో ఇరుక్కున్న రాళ్ళు ఉన్నాయి. మోకు గిలక మీదుగా లోపలికి వేలాడుతోంది. గిలక పాతిన గట్టు వదులు నేల. నాయన ఆ మోకును రెండు చేతులకూ చుట్టుకుని గుంజుతున్నాడు. గుంజినప్పుడల్లా గిలక కదిలి గట్టునుంచి మట్టి రాలుతోంది.

మేస్త్రి ఎంగిలిచేత్తో పరుగెత్తుకొచ్చాడు. ఊళ్ళో అంత పొడుగు మోకు అదొక్కటే. దాన్ని అవతలి గట్టుమీద బండకు కట్టుకుని తాను దిగితే గుండును గడ్డపారతో లేపొచ్చు, కానీ ముందు నాయన దాన్ని వదలాలి, గుంజడం ఆపాలి. "ఆయప్ప ఇట్లే గుంజతా ఉంటే గట్టు గట్టంతా ఆయప్ప మిందనే కూలతాది" అన్నాడు మేస్త్రి. మగవాళ్ళంతా వదలమని లోపలికి అరిచారు. అరిచేకొద్దీ నాయన ఇంకా బిగించి పట్టుకున్నాడు. ఆ మోకు తప్ప పైలోకానికీ తనకూ వేరే దారం లేదనుకున్నాడు పాపం.

అప్పుడు మా ఆడవాళ్ళు చేయకూడని పని చేశారు. మా వైపు మనిషికి ఏదన్నా అయిందని తెలిస్తే చాలు, ముందు శోకం ఎత్తుకుంటారు. ఏం అయిందో తర్వాత అడుగుతారు. అమ్మ గుండెలు బాదుకుంటూ మొదలుపెట్టింది. పక్కింటివాళ్ళు అందుకున్నారు. నా రాజా, నన్ను వదిలి పోతివా, బిడ్డకు దిక్కెవరు అని రాగం తీసి ఏడుస్తున్నారు. నేను కూడా ఏడ్చాను. ఆ ఏడుపంతా బావిలోకి దిగి గోడలకు తగిలి రెండింతలై నాయన చెవిలో పడింది. నాయన గుంజడం ఒక్క క్షణం ఆపి, లోపలినుంచి అడిగాడు.

"ఎవురు సచ్చిపోయినారు పైన?"

పైన ఏడుపు ఇంకా హెచ్చింది. ఆ శోకం తనకోసమేనని అప్పుడు నాయనకు అర్థమైంది. ఆ తర్వాత వచ్చిన కేక నాయనదని నేను గుర్తుపట్టలేకపోయాను. మోకును పిచ్చిపట్టినట్టు గుంజాడు. ఒక రాయి జారి నాయన భుజాన్ని రాచుకుంటూ పడింది.

నేను అక్కడినుంచి లేచి పరుగెత్తాను. అత్త తన కొట్టంలో సాయంత్రం పాలకు చెంబు కడుక్కుంటోంది. ఆ కేక ఆమెకు వినబడే ఉంటుంది, ముఖంలో నెత్తురు లేదు. నాయన బావిలో ఇరుక్కున్నాడు, మోకు వదలడం లేదు అని చెప్పాను. అత్త ఒక్కటే అడిగింది. "ఆడోళ్ళు ఏడస్తాండారా ఆడ?" ఏడుస్తున్నారన్నాను. చెంబు అక్కడే పడేసి బీడుకు అడ్డంపడి పరుగెత్తింది. పెట్టుకున్న ఒట్టు ఆమెకు గుర్తుందో లేదో నాకు తెలియదు.

వచ్చీ రావడంతోనే అత్త మా అమ్మ రెండు రెక్కలూ పట్టుకుంది. "బతికుండే మనిషికి ఏడస్తారా మీరు? నోర్లు మూయండి. ఏడ్సాలంటే ఇంటికి పోయి ఏడ్సుకోండి" అంది. గట్టిగా కూడా అనలేదు. అమ్మ పైట చెంగు నోట్లో కుక్కుకుని నేల మీద కూలబడింది. అత్త గట్టు మీదున్న మగవాళ్ళను దూరంగా జరగమంది. మేస్త్రి చూపించిన గట్టి నేల వైపు బోర్లా పడుకుని, తల బావిలోకి వంచింది. జారకుండా తన కాళ్ళ మీద నన్ను కూర్చోమంది. ఆమె పిక్కలు వణుకుతుండటం నా ఒళ్ళంతటికీ తెలుస్తోంది. గొంతులో మాత్రం వణుకు లేదు.

ముందు చెవి పెట్టి వింది. లోపల నాయన ఊపిరి కొలిమితిత్తిలా ఎగిరెగిరి పడుతోంది. అత్త దానితో కలిసి "ఊఁ, ఊఁ, ఊఁ" అని అంతే తొందరగా తీసింది. గట్టుమీద ఒకాయన, ఇదేందమ్మా, మనిషి చస్తుంటే పశువును పిలిచినట్టు అన్నాడు. మేస్త్రి ఆయన్ను చేత్తోనే వెనక్కి నెట్టాడు. అత్త ఆపలేదు. చాలాసేపు ఏమీ మారలేదు. మట్టి రాలుతూనే ఉంది. ఒకసారి గిలక కిర్రుమని ఒరిగితే అమ్మ మూలిగింది. నేను కళ్ళు మూసుకున్నాను.

కళ్ళు మూసుకున్నందుకే నాకు ముందు తెలిసింది. అత్త ఊఁ కొంచెం సాగింది. లోపలి ఊపిరి కూడా కొంచెం సాగింది. అప్పుడు మాటలు మొదలుపెట్టింది. నీకేం కాదని చెప్పలేదు. భయపడొద్దని చెప్పలేదు. "ఆవుల్ని తోలుకోని పోతాండాం గదప్పా మనం. నువ్వు ముందర, నేను ఎనకాల. మన తంగేడు పొదలు దాటినాం. పూలు పూసుండాయి సూడు. నువ్వు ఒకటి తెంపి చెవిలో పెట్టుకుంటివి. ఇంగ వంక వచ్చింది. వంకలో నీళ్ళు లేవు, ఇసక ఉండాది. ఇసక సల్లగుంటాది గదా పొద్దున పూట. కాలు ఇసకలో పెట్టి కప్పుకుంటివి. బరువుగా ఉండాది ఇసక. ఉండనీ. కాలు ఆడనే ఉండనీ."

గుంజడం ఆగింది. బిగించి పట్టుకోవడం మాత్రం ఆగలేదు. మోకు తీగలాగా బిగుసుకుని ఉంది. మేస్త్రి అవతలి బండ దగ్గర గడ్డపార పట్టుకుని కాచుకుని ఉన్నాడు. అత్త మధ్యమధ్యలో ఊఁ తీస్తూ చెప్పుకుంటూ పోయింది. వాళ్ళిద్దరూ చిన్నప్పుడు నడిచిన దారి అది. ఏ మలుపులో ఏ రాయి ఉందో, ఎక్కడ సీతాఫలం చెట్టుందో, ఏ గుట్టకింద కూర్చుని చద్ది మూట విప్పేవాళ్ళో, ఒక్కటీ వదలకుండా చెప్పింది. చద్ది తినిపించింది. నీళ్ళు తాగించింది. ఆ మాటల్లోనే పొద్దు గూకే వేళ చేసింది. చివరికి దారి మా బీడుకే వచ్చింది.

"బీడుకు వచ్చినామప్పా. గరిక మోకాలెత్తు ఉండాది. ఎర్రావు పలుపు నీ చేతిలో ఉండాది. దానికి ఆకలి. వదులు, మేస్తాది."

బీడు మాట ఎందుకెత్తిందా అని నేను బెదిరిపోయాను. అంత తగవూ ఆ గరిక కోసమే కదా. చాలాసేపటికి నాయన గొంతు వచ్చింది. చిన్నపిల్లవాడి గొంతులాగా వచ్చింది.

"వదిల్తే పోతాదేమో అక్కా."

"యాడికీ పోదప్పా. నేనుండా ఈడ. వదులు."

మోకు ఊగింది. ఆ తర్వాత వదులై గోడకు తగిలి కిందికి వేలాడింది. మేస్త్రి దాన్ని పైకి చేదుకుని, బండకు బిగించి, దిగిపోయాడు. ఆ తర్వాత గడ్డపార చప్పుడు, నాయన అరుపులు, గంపలో కూర్చోబెట్టి లాగడం, అన్నీ జరిగాయి. అవేవీ నాకు సరిగ్గా గుర్తులేవు. నాయన తల గట్టుపైకి వచ్చేదాకా అత్త ఊఁ తీస్తూనే ఉంది. ఎద్దుల బండిలో పుంగనూరుకు, అక్కడినుంచి బస్సులో మదనపల్లె ఆస్పత్రికి తీసుకుపోయారు. కాలు దక్కింది, మోకాలు మాత్రం వంగలేదు. బావిలో ఆ చెమ్మ చెమ్మగానే ఉండిపోయింది. మరుసటేడు నాయనే మనుషులను పెట్టి పూడ్పించాడు. రెండు వానలకు దాని మీద గరిక వచ్చింది.

అక్కాతమ్ముళ్ళు మళ్ళీ మాట్లాడుకున్నారు. నా బెల్లం పోయింది. కానీ ఒక చిత్రం మిగిలింది. గోడ అవతల అత్త పాలకు కూర్చుని ఊఁ తీయగానే నాయన చేతివేళ్ళు వాటంతట అవే విడిపోయేవి. ముఖం కడుక్కునే చెంబు కింద పడేది. కాఫీగ్లాసు పడేది. ఒకసారి చుట్ట పడి పంచె కాలింది. అమ్మ నవ్వలేక చచ్చేది. తర్వాత తర్వాత నాయన ఆ వేళకు చేతిలోవన్నీ కింద పెట్టి, ఊరికే అరచేతులు తెరుచుకుని మంచం మీద కూర్చునేవాడు. ఊళ్ళో పంచాయతీలకు పోయి ఎంత కోపంతో వచ్చినా, ఆ వేళ దాటితే మెత్తబడేవాడు.

చాలా ఏండ్ల తర్వాత అత్త పోయింది. నిద్రలోనే పోయింది, ఎవరికీ చెప్పలేదు. ఆవులను అమ్మేశాము. ఆ మరుసటి రోజునుంచి నాయన పిడికిళ్ళు బిగించుకుని పడుకోవడం మొదలుపెట్టాడు. తెల్లారేసరికి అరచేతుల్లో గోళ్ళ గాట్లు పడేవి. అమ్మ కొబ్బరినూనె రాసి ఒక్కో వేలూ విప్పేది. కాసేపటికి మళ్ళీ ముడుచుకునేవి.

నాయన ఆఖరి రోజులు కూడా మదనపల్లె ఆస్పత్రిలోనే. ఒక పగలు నర్సు సూది ఎక్కించాలంటే పిడికిలి వదలడు. దుప్పటి అంచును పట్టుకుని గుంజుతున్నాడు, ఊపిరి ఎగిరెగిరి పడుతోంది. నర్సు, కొంచెం నచ్చజెప్పండమ్మా, మీ మాటయితే వింటాడు అంది. నాకు ఆ దారంతా తెలుసు. ఒక్క రాయి కూడా మరిచిపోలేదు. నాయన చెవి దగ్గర వంగి ఊఁ తీశాను. తంగేడు పొదలు దాటించాను, వంకలోకి దించాను, ఇసుకలో కాలు పెట్టించాను. చద్ది పెట్టాను. బీడుకు తెచ్చాను. ఎర్రావు మేస్తాది, వదులు నాయనా అన్నాను.

నాయన కళ్ళు తెరిచాడు. నన్ను చాలాసేపు చూశాడు. తెలివిగానే చూశాడు.

"నువ్వు మా అక్కవు గాదు" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. కాదు నాయనా అన్నాను. ఆవుకు దూడ లేదని తెలిసినట్టు నాయనకు అంతా తెలుసు. దుప్పటి అంచు వదిలేసి, ఆ చేత్తోనే నా వేళ్ళు పట్టుకున్నాడు. అంతే బిగువుగా పట్టుకున్నాడు.

"అయినా సెప్పు" అన్నాడు.

మళ్ళీ మొదటినుంచి చెప్పాను. నాయన ముందర, నేను వెనకాల.